సందు రాయడం: జావో వూకి గురించి

(చిత్రకళ నేర్చుకుంటున్నవాళ్ల కోసం జరిగిన ఒక వారాంతపు శిబిరంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు అడగడంతో రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్లకి వినిపిస్తోందా? వినిపించకపోతే ముందుకి వచ్చి కూర్చోండి, మొదటి రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. రారా? సరే, ఉండనివ్వండి. ఎలాగూ ఇవాళ ఖాళీ గురించే మాట్లాడబోతున్నాను.

చైనాలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన చిత్రకారుడు జావో వూకి గురించి చెప్పమన్నారు. చెప్తాను. దానికంటే ముందు మా మావయ్య సంగతి ఒకటి చెప్పాలి. నవ్వకండి, సంబంధం ఉంది. మా మావయ్య బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు రాకముందు మాట. కిరాణా కొట్టు, ఎరువుల దుకాణం, సైకిల్ షాపు, ఏదైనా సరే ఆయన చేతి మీదుగా వెళ్లాల్సిందే. ఎండాకాలం సెలవుల్లో రంగు డబ్బాలు అందించడానికి నేను కూడా వెళ్లేవాణ్ణి. సుద్ద పట్టించిన దారం లాగి వదిలి గీతలు కొట్టుకునేవాడు. ఒకరోజు నా చేతికి బ్రష్షిచ్చి, "రాయరా" అన్నాడు. 'శ్రీ లక్ష్మీ స్టోర్స్' అని రాశాను. ఒక్కో అక్షరం ముత్యంలా వచ్చిందని నా నమ్మకం. ఆయన రోడ్డుకి అవతలి పక్కకి వెళ్లి, బీడీ వెలిగించుకుని, అక్కణ్ణించే అన్నాడు: "అక్షరాలు రాశావురా, సందులు రాయలేదు."

సందులు రాయడం ఏమిటి? సందంటే ఖాళీ కదా, ఖాళీని ఎవడైనా రాస్తాడా? ఈ ప్రశ్నకి నాకు జవాబు దొరికింది చాలా ఏళ్ల తర్వాత, పారిస్‌లో, ఒక చైనా ఆయన వేసిన బొమ్మ ముందు. అక్కడికి వస్తాను. ముందు మనిషి గురించి తెలుసుకుందాం.

పేరుతో మొదలుపెడదాం. జావో అనేది ఇంటిపేరు. మనలాగే వాళ్లు కూడా ఇంటిపేరే ముందు పెట్టుకుంటారు. వూకి అంటే హద్దు లేనిది, అంతం లేనిది. తావో అనే పాత చైనా తత్వంలోంచి వచ్చిన మాట అది. ఆయన సంతకం ఎప్పుడైనా గమనించారా? వూకి అన్న పేరు రెండు చైనా అక్షరాల్లో ఉంటుంది, జావో అన్న ఇంటిపేరు రోమన్ లిపిలో ఉంటుంది. ఒకే సంతకంలో రెండు లిపులు. చాలామంది దీన్ని చూసి, ఆహా తూర్పూ పడమరా కలిశాయి అంటారు. అంత తేలిగ్గా కలవలేదండీ. కలవడానికి ముందు ఆయన చాలా కాలం పారిపోయాడు.

పుట్టింది బీజింగ్‌లో, 1920లో. చదువుకున్న కుటుంబం. తండ్రి బ్యాంకులో పనిచేసేవాడు. పసివాడిగా ఉండగానే కుటుంబం జియాంగ్‌సూ రాష్ట్రంలోని నాన్‌తుంగ్‌కి మారింది. తాతగారే లిపి నేర్పాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే మనం 'చేతిరాత' అనుకునేదీ, వాళ్లు లిపికళ అనుకునేదీ ఒకటి కావు.

ఇటు చూడండి. ఇది వెదురు పిడి ఉన్న బ్రష్షు. ఇదేమో సిరా కడ్డీ. మసీ, జిగురూ కలిపి గట్టిపరిచింది. రాతిపలక మీద కాసిని నీళ్లు పోసి, దీన్ని చందనం తీసినట్టు అరగదీస్తారు. తొందరపడకూడదు. చెయ్యి స్థిమితపడే దాకా అరగదీయాలి. బ్రష్షుని మనం పెన్ను పట్టుకున్నట్టు వాల్చి పట్టుకోరు, నిట్టనిలువుగా పట్టుకుంటారు. పెద్ద అక్షరాలకి మణికట్టు బల్లకి ఆననివ్వరు. అంటే కదలిక వేళ్లలోంచి కాదు, భుజంలోంచి వస్తుంది. ఇక కాగితం. మెత్తగా సిరా పీల్చేసే కాగితం. బ్రష్షు ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగిందా, మచ్చ పాకిపోతుంది. తుడవడం లేదు, దిద్దడం లేదు. మనం ఓనమాలు దిద్దుతాం. ఒకే అక్షరం మీద పదిసార్లు, పలక అరిగేదాకా దిద్దుతాం. వాళ్లకి ఆ దిద్దడమే లేదు. బాగా రాకపోతే ఇంకో కాగితం తీసుకుని మళ్లీ మొదటి నుంచి రాయాల్సిందే.

మొదట నేర్పే అక్షరాల్లో 'యుంగ్' ఒకటి. ఎల్లకాలం అని అర్థం. బోర్డు మీద వేస్తాను చూడండి. పైన ఒక చుక్క, దాని కింద అడ్డం, నిలువు, చివర కొక్కెం, పక్కన చిన్న ఎగురు, ఇలా. లిపిలో వచ్చే ముఖ్యమైన ఎనిమిది రకాల గీతలూ ఈ ఒక్క అక్షరంలో ఉన్నాయని సంప్రదాయం. వాంగ్ షీజీ అనే లిపికారుడు 353లో రాసిన ఓ ప్రసిద్ధమైన పీఠిక ఉంది, అది మొదలయ్యేది ఈ అక్షరంతోనే. పిల్లలు దీన్ని వందలసార్లు రాస్తారు. గీతల వరస కూడా మార్చకూడదు. ఏది ముందో ఏది వెనకో నిర్ణయమై ఉంటుంది. కాబట్టి లిపి తెలిసినవాడు వెయ్యేళ్ల నాటి కాగితం చూసి, రాసినాయన చెయ్యి ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఊపిరి తీసుకుందో, ఎక్కడ సిరా అయిపోయి గీత ఎండిపోయిందో పోల్చుకుంటూ వెళ్లగలడు. ఆలోచించండి. మన దగ్గర బొమ్మని చూస్తాం. అక్కడ గీతని మొదలు నుంచి చివరిదాకా మళ్లీ నడుస్తారు.

టాంగ్ రాజుల కాలంలో జాంగ్ షూ అని ఒకాయన ఉండేవాడు. తాగి, జుట్టుని సిరాలో ముంచి రాసేవాడని కథలున్నాయి. ఆయన, ఆయన తర్వాత హువాయ్‌సూ అనే బౌద్ధ భిక్షువూ రాసిన లిపిని వెర్రి గొలుసుకట్టు అంటారు. అక్షరాలన్నీ ఒకదాన్నొకటి లాక్కుంటూ పోతాయి. చదవడం చైనా వాళ్లకే కష్టం. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి, వీళ్లతో తర్వాత పనుంది.

మన కుర్రాడి దగ్గరికి వద్దాం. తాతగారి దగ్గర ఇదంతా అబ్బింది. 1935లో హాంగ్‌జౌలోని కళాశాలలో చేరాడు. అప్పటికి పదిహేనేళ్లు. ఆ కాలేజీని 1928లో పెట్టింది లిన్ ఫెంగ్‌మియన్. ఆయన స్వయంగా ఫ్రాన్సులో చదువుకొచ్చినవాడు. చైనా చిత్రకళ చెప్పేదేమో పాన్ తియన్‌షౌ, పెద్ద పండితుడు. మరి మనవాడికి ఆ క్లాసంటే ఒళ్లుమంట. పాతవాళ్ల బొమ్మల్ని చూసి నకలు తియ్యమంటారు, అదే వాడికి పడేది కాదు. క్లాసు కిటికీలోంచి దూకి పారిపోయేవాడని చెప్తారు. కాలేజీలోంచి తీసేసేదాకా వస్తే లిన్ గారు అడ్డుపడ్డారట. ఇక్కడ ఎంతమంది కిటికీ దూకారు? చేతులెత్తనక్కర్లేదు, మీ లెక్చరర్లు ఇక్కడే ఉన్నారు.

వాడికి కావాల్సింది సెజాన్, మతీస్, పికాసో లాంటి యూరప్ చిత్రకారులు. అదీ అసలు బొమ్మలు కాదు. బాబాయో మావయ్యో పారిస్ నుంచి తెచ్చిన పోస్టుకార్డులు, పత్రికల్లోంచి కత్తిరించుకున్న కాగితాలు. మనలో నా వయసువాళ్లకి తెలుసు ఆ ఆకలి. వాన్‌గో రంగులు ఇలా ఉంటాయని మేం కూడా మాసిపోయిన అచ్చుబొమ్మల్లోనే చూశాం. పసుపు ఆకుపచ్చగా కనిపించేది. అదే అసలు రంగనుకున్నాం.

ఈలోగా 1937లో జపాన్ దాడి. కాలేజీ కాలేజీ మొత్తం తట్టాబుట్టా సర్దుకుని దేశం లోపలికి, చివరికి చుంగ్‌చింగ్ వైపు వలస పోయింది. ఇతను 1941లో అక్కడే ఉపాధ్యాయుడయ్యాడు. ఫ్రెంచి దౌత్య కార్యాలయంలో పనిచేసే ఒకాయన ఇతని బొమ్మలు కొన్ని పారిస్ తీసుకెళ్లాడు, 1946లో సెర్నుష్కీ మ్యూజియంలో పెట్టారు. బొమ్మలు ముందు వెళ్లాయి, మనిషి తర్వాత వెళ్లాడు.

1948 ఫిబ్రవరిలో షాంఘైలో ఓడ ఎక్కారు, అతనూ, భార్య లాలాన్. ఆమె సంగీతం చదువుకున్న మనిషి, తర్వాత ఆమె కూడా చిత్రకారిణి అయింది. చిన్న కొడుకుని తాతా నాయనమ్మల దగ్గర వదిలి వెళ్లారు. రెండేళ్లలో తిరిగి వద్దామనే. మార్సెయ్‌లో దిగి, ఏప్రిల్ 1న పారిస్ చేరారు. ఆ మధ్యాహ్నమే లూవ్ర్ మ్యూజియంకి పరిగెత్తాడు. రెండేళ్లు అనుకున్నది ఏమైందో తెలుసు కదా. మళ్లీ సొంతగడ్డ మీద కాలు పెట్టింది 1972లో. అప్పటికి తండ్రి లేడు. 1968లో పోయాడు.

పారిస్‌లో మోంపర్నాస్ దగ్గర ఒక చిన్న వీధిలో గది. పక్కనే శిల్పి జియాకొమెత్తి స్టూడియో. అంత గొప్ప ఇరుగుపొరుగు! ఇంకొకాయన ఆన్రీ మిషో, కవి, తనూ బొమ్మలు వేసేవాడు. 1930ల మొదట్లో మన దేశమూ చైనా కూడా తిరిగొచ్చిన మనిషి. 1949లో ఇతను లితో ముద్రలు, అంటే రాతి మీద గీసి కాగితం మీద అచ్చొత్తే బొమ్మలు, వేస్తే, చూసి ఊరుకోలేక వాటి మీద ఎనిమిది కవితలు రాసేశాడు. చివరిదాకా స్నేహితులుగానే ఉన్నారు. ఈయనతో కూడా తర్వాత పనుంది.

అసలు సంగతి ఇప్పుడు. పారిస్ వచ్చాక ఇతను పెట్టుకున్న నియమం ఏమిటంటే: సిరా ముట్టను. చైనా వాడివి కదా, సిరాతో వెదురు పొదలు వెయ్యి, కొండలు వెయ్యి, అంటారని భయం. చైనా బొమ్మల వాడు అన్న ముద్ర పడితే జన్మలో వదలదు. ఆయన భయం నాకర్థమవుతుంది. మీలో ఎవరైనా ఢిల్లీలోనో లండన్‌లోనో ప్రదర్శన పెడితే, కలంకారీ లాంటిదేమైనా ఉందా అని అడగరూ?

1951లో స్విట్జర్లాండ్ వెళ్లాడు. బెర్న్‌లో పాల్ క్లే అనే చిత్రకారుడి బొమ్మలు చూశాడు. చిన్న చిన్న కాగితాల మీద బాణాలు, చంద్రుళ్లు, గుర్తులు. చిత్రం చూడండి: చైనా లిపిలో పుట్టిపెరిగిన మనిషికి, గుర్తుని బొమ్మగా వాడుకోవచ్చని ఒక యూరప్ వాడు చెప్పాల్సి వచ్చింది. తన ఇంటి తాళంచెవి పక్కింట్లో దొరికినట్టు. రెండు మూడేళ్లు క్లే ప్రభావంలో పడి కొట్టుకున్నాడు. ఇంకో క్లే అని జనం అనడం మొదలుపెట్టారు. అందులోంచి బయటపడింది 1954లో. ఆ బొమ్మ పేరు 'గాలి'. ఇప్పుడది పారిస్‌లోని పొంపిడూ సెంటర్ మ్యూజియంలో ఉంది. నిలువుగా, మసకచీకటిగా, రెండు వరసల్లో గుర్తులు పైనుంచి రాలుతున్నట్టు ఉంటాయి. ఏ వస్తువూ లేదు. గుర్తులు ఎక్కడివంటే, ఎముకల మీది లిపిని గుర్తుచేస్తాయి. తాబేటి చిప్పల్నీ, ఎద్దు ఎముకల్నీ కాల్చి, పగుళ్లు చూసి జోస్యం చెప్పి, అడిగిన ప్రశ్నల్ని వాటి మీదే చెక్కేవాళ్లు షాంగ్ రాజుల కాలంలో. మూడు వేల ఏళ్ల పైమాట. ఆ ఎముకల మీద ఉన్నది లిపి అని పండితులు గుర్తుపట్టింది మాత్రం 1899లో. ఇతను పుట్టడానికి ఇరవై ఒక్క ఏళ్ల ముందు!

జావో గుర్తుల్ని చదవగలమా? లేదు. అక్షరాల్లా ఉంటాయి, అక్షరాలు కావు. కొంతకాలం ఇవే వేశాడు. ప్రాచీన కవి చూ యువాన్‌కి, దూ ఫూకి నివాళులు వేశాడు. ఆ తర్వాత నాలుగైదేళ్లలో గుర్తులు కరిగిపోయాయి. లిపిలోంచి వచ్చిన చిత్రకారుడు అని ఇతని గురించి ఎక్కడ చూసినా ఈ 1954 నుంచి 1958 దాకా వేసిన బొమ్మలే చూపిస్తారు, ఇవిగో అక్షరాలని. నేను ఒప్పుకోను. అది పైపై లిపి. నా దృష్టిలో గుర్తులు మాయమయ్యాకే ఇతని లోపల లిపి పనిచెయ్యడం మొదలైంది. ఎలాగో చెప్తాను.

1957లో లాలాన్ ఇతన్ని విడిచి వెళ్లిపోయింది. కుదేలైపోయాడు. పారిస్‌లో ఉండలేక న్యూయార్క్ వెళ్లాడు, తమ్ముడు అటువైపు ఉండేవాడు. అక్కణ్ణించి చిత్రకారుడు పియేర్ సులాజ్ దంపతులతో కలిసి హవాయి, జపాన్, హాంగ్‌కాంగ్ తిరిగాడు. న్యూయార్క్‌లో ఫ్రాంజ్ క్లైన్ లాంటి అమెరికా చిత్రకారుల్ని చూశాడు. క్లైన్ తెల్లటి పెద్ద కాన్వాసు మీద దూలాల్లాంటి నల్లటి గీతలు వేసేవాడు. చూసినవాళ్లందరూ చైనా లిపి అనేవాళ్లు, ఆయన కాదు మొర్రో అనేవాడు. అక్కణ్ణించి వచ్చాక ఇతని కాన్వాసులు పెద్దవయ్యాయి. పేర్లు పోయాయి. పేరు బదులు తేదీ. '29.09.64', అంతే. దీని అర్థమేమిటి సార్ అంటే, సెప్టెంబరు 29. ఏం చేస్తారు?

1960ల నాటి అలాంటి కాన్వాసు ముందు నేను నిలబడింది 2018లో. మా అబ్బాయి ఫ్రాన్స్‌లో చదువుకుంటున్నాడప్పుడు. పారిస్ నగర ఆధునిక కళా మ్యూజియంలో జావో పెద్ద కాన్వాసులతో ప్రదర్శన పెట్టారు. మధ్యలో పెద్ద కలకలం, నల్లటి గోధుమరంగు గీతలు ఒకదాన్నొకటి పీక్కుంటున్నట్టు, పైనా కిందా మాత్రం నిశ్శబ్దం. నాకు వెంటనే ఇందాకటి తాగుబోతు జాంగ్ షూ గుర్తొచ్చాడు. అదే వెర్రి గొలుసుకట్టు! సరే, లిపి చూసే పద్ధతిలో చూద్దామని, ఒక గీత పట్టుకుని మొదలు నుంచి నడవబోయాను. నడవలేకపోయాను. దగ్గరికి, ఇంకా దగ్గరికి వెళ్లాను. కాపలా ఆవిడ గొంతు సవరించింది. అప్పుడు కనిపించింది. గీత మీద తెలుపు పడింది. తెలుపు మీద మళ్లీ గీకుడు. దాని మీదుగా పలచటి రంగు కారి ఎండిన చార. కింద ఇంకో గీత సగం పూడిపోయి ఉంది. ఇది ఒక్క ఊపులో వేసింది కాదు. రోజుల తరబడి వేసి, చెరిపి, మళ్లీ వేసింది.

కాబట్టి పుస్తకాల్లో రాసేది, చైనా లిపికారుడిలా ఒక్క శ్వాసలో వేశాడనేది, తైలవర్ణాల విషయంలో నిజం కాదు. తైలం ఆరడానికి రోజులు పడుతుంది. దిద్దనిస్తుంది. ఇతను దిద్దాడు. బాగా దిద్దాడు. మరి లిపి ఎక్కడుంది?

నాకు ఆ తెలుపు కనిపించింది. చైనా కాగితం మీద తెలుపు ఊరికే వస్తుంది. వెయ్యక్కర్లేదు, వదిలేస్తే చాలు. కాన్వాసు మీద అది కుదరదు, నూనెరంగుల బొమ్మలో వదిలేసిన చోటు పని పూర్తికాని చోటులా ఉంటుంది. అందుకని ఇతను ఖాళీని రంగుతో కట్టాడు. గీతలు వేసినంత కష్టపడి ఆ మసక తెలుపుని వేశాడు. గీతల అంచులు తెలుపులోంచి పుట్టినట్టు ఉంటాయే తప్ప తెలుపు మీద అతికించినట్టు ఉండవు. అక్కడే, ఆ కాపలా ఆవిడ నన్ను అనుమానంగా చూస్తుండగా, మా మావయ్య బీడీ వాసన వచ్చింది నాకు. సందు రాయడమంటే ఇదా అనిపించింది.

ఇక సిరా దగ్గరికి ఎలా వచ్చాడో చెప్పాలి. 1958లో హాంగ్‌కాంగ్‌లో మే అనే నటిని కలిశాడు, పెళ్లి చేసుకున్నాడు. ఆమెకి మానసికమైన జబ్బు. ఏళ్ల తరబడి. బయట ఈయన పేరు పెరుగుతోంది, 1964లో ఫ్రెంచి పౌరసత్వం వచ్చింది, ఇంట్లో పరిస్థితి ఏడాదికేడాది దిగజారుతోంది. 1971 నాటికి పెద్ద కాన్వాసు ముందు రోజంతా నిలబడే వ్యవధి లేదు, ఓపిక లేదు. అప్పుడు మిషో అన్నాడు, సిరాతో వెయ్యి అని. ఇరవై మూడేళ్లుగా ముట్టని సిరా. కాగితమైతే మధ్యలో లేచి వెళ్లొచ్చు, పూర్తయిందంటే అయినట్టే. తాతగారి దగ్గర నేర్చుకున్నది భుజంలో అలాగే ఉంది. మొదట అవి తనకే పెద్దగా నచ్చలేదు. మిషో వదల్లేదు.

1972 మార్చిలో మే చనిపోయింది. నలభై ఒక్క ఏళ్లు. ఆమె జ్ఞాపకంగా ఆ ఏడాది సెప్టెంబరులో ఒక బొమ్మ పూర్తిచేశాడు. రెండు మీటర్ల ఎత్తు, అయిదు మీటర్ల పైన వెడల్పు. మామూలుగా తేదీలు తప్ప పేరు పెట్టని మనిషి దీనికి పేరు పెట్టాడు: 'మే స్మృతిలో'. నల్లటి గీతలు చెదిరిపోతూ, చుట్టూ బంగారు గోధుమరంగు పెద్ద ఖాళీ. ఈ బొమ్మ నుంచి ఇతని కాన్వాసుల్లో మధ్యభాగం తెరుచుకోవడం మొదలైంది. నూనెరంగుని టర్పెంటైన్‌తో పలచన చేసి సిరాలా పారించడం పెరిగింది. సిరా నుంచి నూనె నేర్చుకుంది. చూశారా, పదిహేనేళ్ల వయసులో కిటికీ దూకి పోయినవాడు యాభై దాటాక తలుపులోంచి వచ్చాడు.

మిగతాది గబగబా చెప్పేస్తాను, టీ వచ్చేసినట్టుంది. 1983లో చైనా ఆయన్ని పిలిచి బీజింగ్‌లోనూ, హాంగ్‌జౌలోనూ ప్రదర్శన పెట్టింది. 1985లో, పారిపోయిన ఆ కాలేజీలోనే పాఠం చెప్పడానికి వెళ్లాడు. అదే సంవత్సరం, వాస్తుశిల్పి ఐ.ఎం. పేయ్ కోసం సింగపూర్ భవనానికి మూడు పలకల బొమ్మ వేశాడు, పది మీటర్ల వెడల్పు. 2018లో అది హాంగ్‌కాంగ్ వేలంలో 51 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లకి పోయింది. ఆ అంకె మీద వెనక ఎవరో ఈల వేశారు. పేపర్లలో కూడా దాని గురించే రాశారు. 2013 ఏప్రిల్ 9న స్విట్జర్లాండ్‌లో పోయాడు, మోంపర్నాస్ శ్మశానంలో ఉన్నాడు. చివరి రోజుల్లో జ్ఞాపకశక్తి పోయింది.

ఒకమ్మాయి చెయ్యెత్తింది. ఏం అడుగుతున్నావమ్మా? తెలుగు అక్షరంతో ఇలా చెయ్యొచ్చా అనా? మద్రాసులో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ గారు 1960ల్లో పదాలు, సంకేతాలు అంటూ చదవరాని లిపితో పెద్ద వరస వేశారు, వెళ్లి చూడు. కానీ నా మాట అడిగితే, 'క'నో 'ళ'నో తెచ్చి కాన్వాసు మీద పెట్టేస్తే పని అయిపోదు. జావో అయిదేళ్లు ఆ పని చేసి మానేశాడు. 'ఠ' రాసి చూడు. అక్షరం గీతలో ఉందా, గీత చుట్టుకున్న చోట ఉందా? అది పది రోజులు రాస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

సరే, టీ తాగి రండి. తాగొచ్చాక ఈ బల్ల మీద బ్రష్షులున్నాయి, రాతిపలకలు ఆరు ఉన్నాయి, ముగ్గురికొకటి. కాగితం తలా నాలుగు, అంతకంటే లేవు. సిరా నేను కలపను, మీరే అరగదీసుకోండి. పావుగంట పడుతుంది. యుంగ్ బోర్డు మీద అలాగే ఉంచుతాను. మొదట చుక్క. చొక్కా చేతులు మడుచుకోండి, మరక పోదు.